రెండో పలక

ఆపరేషన్ అయి ఎనిమిది వారాలు గడిచినా ఒబ్దూలియా కుడి మోకాలు డెబ్బై డిగ్రీలకి మించి వంగనని మొండికేసి కూర్చుంది. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కి అరగదీసిన మోకాలది. పాతది తీసేసి లోహపుది పెట్టారు. పాతది నొప్పి పెట్టేది గానీ చెప్పిన మాట వినేది. ఇది నొప్పీ పెడుతోంది, మాటా వినడం లేదు.

ఫిజియోథెరపీ గదిలో బల్ల మీద పడుకుని ఆవిడ గోడ గడియారం వైపు చూస్తోంది. వ్యాయామం చేయించే సిత్లాలి చేతిలో కొలత పరికరం ఉంది. రెండు ప్లాస్టిక్ బద్దలు, మధ్యలో అంకెల చక్రం. ఒక బద్ద తొడ వెంట, ఒకటి పిక్క వెంట ఆనించి, అంకె చదువుతారు. బడిపిల్లల జామెట్రీ పెట్టెలో ఉండాల్సిన వస్తువు తన భవిష్యత్తు తేల్చడమేమిటని ఒబ్దూలియాకి మహా కోపం.

"డెబ్బై," అంది సిత్లాలి. "పోయిన వారమూ ఇంతే. నిజం చెప్పండి దోన్యా ఒబ్దూలియా, ఇంట్లో ఏమైనా చేస్తున్నారా?"

"దేవుడి తోడమ్మా. దుప్పటి పాదానికేసి లాక్కుంటున్నాను, ఐసు పెట్టుకుంటున్నాను. రోజూ గంటసేపు నడుస్తున్నాను కూడా."

"గంటసేపు నడిచే మోకాలు ఇలా ఉండదండీ."

"నీకేం, ఎద్దు పుండు కాకికి నొప్పా."

సిత్లాలి నవ్వింది. కొండల మీది హలాపా నుంచి వచ్చిన పిల్ల, పాతికేళ్లుంటాయేమో. చేతులు మాత్రం రోకళ్లే. తిట్లు తినడం ఉద్యోగంలో భాగమని ఎప్పుడో ఒప్పుకున్నట్టుంది. కానీ నవ్వు అయ్యాక ఆమె చెప్పింది నవ్వులాట మాట కాదు. పన్నెండో వారానికి తొంభై రాకపోతే డాక్టరు మత్తిచ్చి బలవంతంగా కాలు వంచుతాడు. లోపల కట్టుకున్న కండ తెగుతుంది. ఒక్కోసారి ఎముకా విరుగుతుంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషికి అదంత మంచిది కాదు.

"తొంభై ఎందుకు కావాలో నాకు తెలుసులే," అంది ఒబ్దూలియా. ఎందుకో సిత్లాలికి చెప్పలేదు. చెప్తే బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతోందీ ముసలావిడ అనుకుంటుంది.

తొంభై కావాల్సింది కుర్చీలో కూర్చోడానికి. మామూలు కుర్చీలో కాదు, ఊరి మధ్య ప్లాసాలో గురువారం సాయంత్రం నాట్యానికి వరసగా వేసే మడత కుర్చీలో. డెబ్బై డిగ్రీల కాలు కుర్చీలోంచి ముందుకు పొడుచుకొస్తుంది, దారినపోయేవాళ్లు తట్టుకుని పడేట్టు. అలాంటి కాలుతో దోన్ లియొకాదియో ఎదుట కూర్చోవడం కంటే ఇంట్లో చావడం మేలని ఆవిడ నిశ్చయం.

పదకొండేళ్లు ఆయనతో దాన్సోన్ ఆడింది. గురువారం గురువారం, ఓడరేవు బ్యాండు వాయించినంతసేపు. వెరాక్రూస్‌లో పెద్దవాళ్లకి ఆ నాట్యం పూజ లాంటిది. కొంతసేపు ఆడతారు, సంగీతం మొదటి వరసకి తిరిగొచ్చినప్పుడు ఆగి నిలబడతారు. ఆ విరామంలో ఆడవాళ్లు విసనకర్ర విప్పుకుంటారు, మగవాళ్లు బ్యాండు వైపు తిరిగి నిటారుగా నిలబడతారు. ఎవరూ మాట్లాడరు. మళ్లీ ఆట. ఒబ్దూలియాకి అసలు ఆట కంటే ఆ విరామమే ఇష్టం. తెల్ల చొక్కా, నలుపూ తెలుపూ జోళ్లు, ఇస్త్రీ మడత చెడని ప్యాంటు వేసుకున్న ఆ మనిషి పక్కన తన చెయ్యి ఆయన చేతిలో ఉండగా ఏమీ చెయ్యకుండా నిలబడటం. భర్త పోయి ఇరవై ఏళ్లయిన మనిషికి వారానికి ఆ కాసేపు చాలు అనుకుంది. చాలదని మంచమెక్కాక తెలిసింది.

ఆయన ఇల్లెక్కడో ఆవిడకి తెలీదు. ఆవిడదెక్కడో ఆయనకి తెలీదు. ప్లాసాలో జోడీ ప్లాసా వరకే, ఇల్లు అడిగితే మర్యాద కాదు. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడని, ఒంటరి వాడని, కాఫీలో చక్కెర వేసుకోడని తెలుసు. ఆపరేషన్ ముందరి గురువారం ఆయన ఆవిడని కుర్చీ దాకా దిగబెట్టి, "మీ స్థలం నేను చూసుకుంటాను సెన్యోరా," అన్నాడు. అంతే అన్నాడు. ఆ ముక్క పట్టుకునే ఆవిడ మత్తు మందు నుంచి లేచింది.

కబుర్లు మోసుకొచ్చేది నికనోరా. ఒబ్దూలియా తమ్ముడి భార్య, తమ్ముడు పోయాక ఆవిడతోనే ఉంటోంది. ప్రతి గురువారం ప్లాసాకని వెళ్లి, రాగానే చెప్పులు విప్పకుండా మంచం అంచున కూర్చునేది.

"ఉన్నాడా?" అనేది ఒబ్దూలియా, కిటికీ వైపు చూస్తూ.

"ఉన్నాడు వదినా. కూర్చునే ఉన్నాడు. ఎవరితోనూ ఆడలేదు."

"ఆ పళ్ల డాక్టరు భార్య పిలవలేదా? దానికి ముందునుంచీ ఆయన మీద కన్నే."

"ఎవరు పిలిస్తే ఏం, లేస్తేగా."

"ఏం చొక్కా?"

"తెల్లదే. జోళ్లు తళతళలాడుతున్నాయి. నిన్నే అడిగాడు, ఎంత వంగిందని."

"డెబ్బై అని చెప్పావా ఏంటి కొంపదీసి?"

"ఎనభై అన్నాలే."

అలా వారం వారం. ఆ కబురు మీద ఒబ్దూలియా దుప్పటి లాగేది, పళ్లు బిగించేది, కన్నీళ్లు కారేవి. ఇంత చేసినా మోకాలు డెబ్బై దాటకపోవడం ఏమిటో ఎవరికీ అంతు చిక్కలేదు.

చివరికి సిత్లాలే పట్టుకుంది. తొమ్మిదో వారంలో ఆవిడని బల్ల మీద పడుకోబెట్టలేదు.

"ఇంట్లో ఎలా నడుస్తున్నారో నాకు చూపించండి," అంది.

ఒబ్దూలియా చేతికర్ర గోడకి ఆనించి గది మధ్యలో నిలబడింది. వెన్ను నిటారు, గడ్డం పైకి, చేతులు ఎవరినో పట్టుకున్నట్టు గాల్లో. పాదాలు నేల మీద జారాయి. ఒక జానెడు ముందుకి, జానెడు పక్కకి, జానెడు వెనక్కి. కాసేపటికి ఆగి, ఊపిరి పీల్చుకుని నిలబడింది. మళ్లీ మొదలెట్టింది. ఐదు నిమిషాలైనా ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"నడవమన్నానండీ," అంది సిత్లాలి.

"నడుస్తున్నాగా."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటే. నేల మీద ఒక్క పలక దాటకూడదు. దాటితే అది దాన్సోన్ కాదు, గంతులు. మా అమ్మ నాకు నేర్పేప్పుడు పలక చుట్టూ సుద్దతో గీత గీసేది. అరవై ఏళ్లలో ఒక్కసారి తొక్కలేదు నేను ఆ గీత."

సిత్లాలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వో ఏడుపో తెలీలేదు.

"ఇన్ని వారాలు, రోజుకి గంట, ఒకే పలక మీద," అంది వేళ్ల సందుల్లోంచి. "అలా జారితే మోకాలు పది డిగ్రీలు కూడా వంగక్కర్లేదు దోన్యా. మీరు దానికి వంగకుండా ఉండటం నేర్పించారు. బాగా నేర్చుకుంది కూడా."

ఒబ్దూలియా మొహం కందిపోయింది. ఒక్కసారి గీత తొక్కలేదని ఊళ్లో ఏ డాక్టరుకి చెప్పినా మెచ్చుకునేవాడు కదా అనుకుంది. హలాపా పిల్లకేం తెలుసు. అయినా ఆ పిల్ల చెప్పింది నిజమేనని లోపల ఎక్కడో తెలిసింది, అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

ఆ రోజు నుంచి ఆవిడకి సముద్రపు కట్ట మీద నడక విధించారు. దీపస్తంభం నుంచి దీపస్తంభానికి, పెద్ద అడుగులు, మోకాలెత్తి, మడమ ముందు ఆనించి. జన్మలో అంత మోటుగా నడవలేదు ఒబ్దూలియా. పొద్దున్నే వేడి పఫ్‌లు బుట్టలో పెట్టుకుని తిరిగే ముసలాయన చూసి, "ఏం దోన్యా, సైన్యంలో చేరారా?" అన్నాడు. "నీ పఫ్‌లు తిని కలరా వచ్చినవాళ్లని మోయడానికి," అంది ఆవిడ ఆగకుండా. గదిలో కదలని సైకిలు మీద ముందుకి సగం చుట్టు, వెనక్కి సగం చుట్టు తొక్కించేది సిత్లాలి. పూర్తి చుట్టు తిరగాలంటే నూట అయిదు కావాలట. నొప్పికి ఒబ్దూలియా తన పుట్టింటి వాళ్లనీ అత్తింటి వాళ్లనీ అందరినీ పేరుపేరునా తిట్టింది. గురువారం సాయంత్రం నికనోరా ఐసు సంచి పెడుతూ అదే మాట చెప్పేది. కూర్చునే ఉన్నాడు వదినా, ఎవరితోనూ ఆడలేదు.

డెబ్బై ఎనిమిది. ఎనభై నాలుగు. పన్నెండో వారం మంగళవారం నాడు సిత్లాలి బద్దలు రెండుసార్లు పెట్టి చూసింది.

"తొంభై రెండు," అంది.

ఒబ్దూలియా ఆ పిల్ల చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకుంది. రోకలి చెయ్యే అయినా పెట్టుకుంది.

గురువారం నీలం గౌను వేసుకుంది, నీలం విసనకర్ర పట్టుకుంది. నికనోరా మధ్యాహ్నం నుంచీ అడ్డుపుల్లలు వేస్తూనే ఉంది. మబ్బేసిందంది, వచ్చే వారం వెళ్దామంది, కడుపులో నొప్పన్నది. ఒబ్దూలియా వినలేదు. ఎండ తగ్గేవేళకి ఇద్దరూ ప్లాసాలో ఉన్నారు. ఎప్పటి కుర్చీలో ఒబ్దూలియా మెల్లగా కూర్చుంది. మోకాలు వంగింది. పాదం కుర్చీ కిందికి ఒద్దిగ్గా వచ్చి ఆగింది. ఆ ఆనందం ఆవిడ మొహం మీద ఎంతోసేపు లేదు, ఎందుకంటే ఎదురుగా ఆయన కూర్చునే బెంచీ ఖాళీగా ఉంది.

బ్యాండు ఒకటి వాయించింది, రెండు వాయించింది. కుర్చీలు వేసే అతను పలకరించడానికొచ్చాడు.

"ఎన్నాళ్లయింది దోన్యా మిమ్మల్ని చూసి. దోన్ లియొకాదియో కూడా మీతోపాటే మానేశాడు. ఫిబ్రవరి తర్వాత రానే లేదు."

ఒబ్దూలియా నికనోరా వైపు తిరిగింది. నికనోరా తన జోళ్ల వైపు చూసుకుంటోంది.

"ప్రతివారం కూర్చున్నాడన్నావు."

"కూర్చునే ఉన్నాడు వదినా."

"ఎక్కడే?"

"ఇంట్లో." నికనోరా గొంతు తగ్గించింది. "నీ ఆపరేషన్ అయిన మూడో వారం వర్షంలో జారిపడ్డాడు. తుంటి విరిగింది. రాడ్డు వేశారు. రేవు వెనక మంగలి షాపు మీద ఇల్లు, కిందికి దిగలేడు. బ్యాండు వాళ్లు చెబితే చూడ్డానికెళ్లాను. నీకు చెప్పొద్దన్నాడు. చెబితే ఆవిడ కుంటుకుంటూ వచ్చేస్తుంది, కాలు పాడు చేసుకుంటుంది అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి గురువారం అక్కడికే వెళ్తున్నాను. నేను చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది? తెల్ల చొక్కా వేసుకునే ఉన్నాడు. కూర్చునే ఉన్నాడు. ఎవరితోనూ ఆడలేదు. కూర్చున్న చోటొక్కటే చెప్పలేదు."

విరామం వచ్చింది. జంటలన్నీ ఆగాయి. చుట్టూ విసనకర్రలు విప్పుకున్నాయి. ఒబ్దూలియా తన విసనకర్ర విప్పలేదు. తను ఈ కుర్చీ కోసం ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చింది. ఆ ఏడుపు ఏడుస్తున్నన్నాళ్లూ ఆయన మేడ మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని చూడాలన్న కోరిక ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడకి మోకాలి నొప్పి కాసేపు తెలియలేదు.

మూడు రోజులు నికనోరాతో మాట్లాడలేదు. నికనోరా కాఫీ పెట్టి బల్ల మీద ఉంచి వెళ్లేది, ఒబ్దూలియా నికనోరా వెళ్లాక తాగేది. నాలుగో రోజు పొద్దున కప్పు కింద పెట్టి, గోడతో చెప్పినట్టు అడిగింది.

"ఎన్ని మెట్లు?"

"ముప్పై నాలుగు," అంది నికనోరా. "మధ్యలో ఒక చిన్న మలుపుంది, నిలబడొచ్చు."

ఆ రోజే సిత్లాలితో చెప్పింది, నాకు మెట్లు నేర్పమని. ఈసారి ఎందుకో కూడా చెప్పింది. ఆ పిల్ల నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. లేచి వెళ్లి గది మూలనున్న చెక్క మెట్లు లాక్కొచ్చింది, అటు మూడు, ఇటు మూడు.

"ఎక్కేప్పుడు మంచి కాలు ముందు. దిగేప్పుడు చెడ్డ కాలు ముందు. మంచివాళ్లు స్వర్గానికెక్కుతారు, చెడ్డవాళ్లు నరకానికి దిగుతారు. అలా గుర్తుపెట్టుకోండి."

"మా చర్చి ఫాదర్ కూడా ఇంత సులువుగా చెప్పలేదే," అంది ఒబ్దూలియా.

నాలుగు వారాలు ఆ మూడు మెట్ల స్వర్గానికి ఎక్కుతూ దిగుతూ ఉంది. ఒకరోజు సైకిలు చక్రం దానంతట అదే పూర్తిగా తిరిగింది. తొక్కుతున్నది తనే అని ఆవిడకి ఓ క్షణం నమ్మకం కుదరలేదు.

జూన్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి అటే వెళ్లారు. మంగలి షాపు దగ్గర నికనోరా ఆగిపోయింది. "నేను కిందే ఉంటా. పడ్డావంటే పట్టుకుంటా," అంది. "నువ్వు పట్టుకోవడం, నేను బతకడం," అని ఒబ్దూలియా రెయిలింగు పట్టుకుంది.

మంచి కాలు, చెడ్డ కాలు, కర్ర. మంచి కాలు, చెడ్డ కాలు, కర్ర. పదిహేడో మెట్టు దగ్గర మలుపు వచ్చింది. అక్కడ ఆగి, వెన్ను నిటారుగా పెట్టి, విసనకర్ర విప్పుకుంది. గుండె దడ తగ్గేదాకా నిలబడింది. మళ్లీ మొదలెట్టింది. ఆఖరి మెట్టెక్కేసరికి మోకాలు మండుతోంది, తలుపు తీసే ఉంది.

దోన్ లియొకాదియో కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు, ఎదుట నాలుగు కాళ్ల స్టాండు. బాగా చిక్కాడు. తెల్ల చొక్కా మెడ దగ్గర వదులైంది. ఆవిడని చూసి లేవబోయాడు, లేవలేక మళ్లీ కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"క్షమించాలి సెన్యోరా. ఇంటి చెప్పులతో ఉన్నాను," అన్నాడు.

మంచం కింద నలుపూ తెలుపూ జోళ్లున్నాయి. పాలిష్ చేసి ఉన్నాయి. నాలుగు నెలలుగా నేల మీద నడవని జోళ్లు తళతళలాడుతున్నాయి. నికనోరా ఆ మాట కూడా అబద్ధం చెప్పలేదు.

"నాకోసం మీరు మెట్లెక్కకుండా ఉండాల్సింది," అన్నాడు ఆయన.

"మీకోసం కాదు. వ్యాయామం," అంది ఆవిడ. తర్వాత అబద్ధం నిలబెట్టలేక, "మీకోసమే," అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఊరికే కూర్చున్నాననుకోకండి. ఆసుపత్రి వాళ్లు నడవమన్నారు. రోజూ గంటసేపు నడుస్తున్నాను, ఈ స్టాండు పట్టుకుని." నేల వైపు చూపించాడు. ఎర్ర పూల పలక ఒకటి మిగతావాటికంటే అరిగి, నున్నగా ఉంది. ఆయన మొహంలో గర్వం కనిపించింది. "ఒక్కరోజు కూడా పలక దాటలేదు సెన్యోరా. తిరిగి వచ్చాక మీ పక్కన తలవంపులు కాకూడదని."

ఒబ్దూలియా నవ్వింది. ఆపుకోలేక, కర్ర వదిలేసి, గోడ పట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కన్నీళ్లొచ్చాయి, అవి ఏ రకంవో తనకే తెలియలేదు. కింద మంగలి షాపులో నికనోరాకి వినపడి, ఏమైందోనని తల ఎత్తింది.

"ఏమైంది? తప్పా?" అన్నాడు ఆయన కంగారుగా.

"ఈ ముక్క హలాపా పిల్ల దగ్గర మాత్రం అనకండి." ఆవిడ కళ్లు తుడుచుకుని ఆయన ఎదుటకొచ్చి నిలబడింది. స్టాండు ఆయనకి దగ్గరగా జరిపింది. చెయ్యి చాపింది, ప్లాసాలో చాపినట్టే. "లేవండి. ఒక చెయ్యి స్టాండు మీద, ఒక చెయ్యి ఇలా ఇవ్వండి. తొందర లేదు."

ఆయన లేచాడు. చాలా సేపు పట్టింది. లేచాక ఎప్పటిలా నిటారుగా నిలబడ్డాడు, ఆవిడ చెయ్యి పట్టుకుని. చెయ్యి చల్లగా ఉంది. ఒబ్దూలియా ఆ విరామాన్ని ఉన్నంతసేపు ఉండనిచ్చింది.

"ఇప్పుడు మోకాలెత్తి పెద్ద అడుగు వెయ్యండి," అంది.

"గీత దాటుతుంది సెన్యోరా."

"దాటనివ్వండి."

ఆయన నేల వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. కాలెత్తి రెండో పలక మీద పెట్టాడు. ఆవిడా పక్కనే వేసింది. అక్కడ ఇద్దరికీ చోటు చాల్లేదు, మూడో పలక మీదికి జరగాల్సి వచ్చింది.